గొంగడి కప్పుకున్న యోధుడు: 28 మిల్లీమీటర్ల బొమ్మను మార్చి మలిచే పద్ధతి

వానాకాలంలో నల్లగొండ నుంచి దేవరకొండ రోడ్డు మీద పోతుంటే చెలకల మధ్య గొర్రెల మందలు కనబడతాయి. మంద పక్కన ఒక మనిషి నల్ల గొంగడిని తలమీదుగా కొప్పెర పెట్టుకొని, కొమ్మలు కోసే కొడవలి కట్టిన పొడుగు గడకు ఒరిగి నిలబడి ఉంటాడు. బరువంతా ఒక కాలి మీద, రెండో కాలు కొంచెం వదులు, చూపు మాత్రం మంద మీదే. ఆ నిలబడిన తీరును నా ఆట బల్ల మీదికి తేవాలని చాలా రోజులు అనుకున్నాను. ఫాంటసీ యుద్ధాల ఆటలకు అమ్మే బొమ్మల డబ్బాల్లో ఉక్కు కవచాల వీరులుంటారు, తోడేలు తోళ్లు కప్పుకున్న చలిదేశపు మనుషులుంటారు, ఓర్కులనే రాక్షసులుంటారు. గొంగడి మనిషి ఉండడు. కొన్న బొమ్మను కోసి, వేరే భాగాలు అతికి, అవసరమైన చోట పుట్టీతో మలిచి మనకు కావలసిన మనిషిగా మార్చుకోవాలి. ఈ హాబీలో దీన్ని కన్వర్షన్ అంటారు.

ఇక్కడ ఆ ఒక్క బొమ్మనే మొదటి నుంచి చెబుతాను. ఈ పనులు చేతికి వస్తే రాక్షసుడినైనా, మంత్రగాడినైనా ఇదే దారిలో మార్చవచ్చు.

ముందు లెక్క, తర్వాత కత్తి

28 మిల్లీమీటర్ల బొమ్మ అంటే పాదం నుంచి కళ్ల దాకా ఉన్న ఎత్తు అని చాలామంది లెక్క. నిజం మనిషితో పోలిస్తే సుమారు 56వ వంతు. అంటే బొమ్మ మీద 1 మిల్లీమీటరు మందం నిజంలో రెండంగుళాల పైనే. అర మిల్లీమీటరు రేకుగా పుట్టీ పరిచి గొంగడి అన్నా, అది అంగుళం మందం దుప్పటి అవుతుంది. అంత మందం గొంగడి ఎక్కడా ఉండదు. కొత్తవాళ్లు ఇక్కడే ఇబ్బంది పడతారు. అంతా నిజం కొలతలో చేద్దామని చూస్తే చేతికి ఏమీ ఆనదు, రంగు వేశాక కంటికీ ఆనదు.

దీనికి జవాబు నాకు నల్లగొండ అంచునే దొరికింది. పానగల్లులో కందూరు చోళుల నాటి పచ్చల సోమేశ్వరాలయం ఉంది. అక్కడి నల్లరాతి స్తంభాల మీద చెక్కిన చిన్న చిన్న మనుషులను దగ్గరగా చూడండి. శిల్పి పూసపూసనూ సన్నగా గీయడం మీద ఆగలేదు. హారానికీ ఛాతీకీ మధ్య, చేతికీ నడుముకూ మధ్య లోతుగా తవ్వాడు. ఆ లోతులో నీడ పడుతుంది. వందల ఏళ్లలో పైపై గీతలు అరిగినా ఏది చెయ్యో ఏది నగో ఇప్పటికీ తెలుస్తున్నది ఆ నీడ వల్లే. మన బొమ్మకూ అదే సూత్రం. మందాన్ని తగ్గించలేకపోతే అంచును పలచగా చేయండి, అంచు కింద లోతుగా తవ్వండి. మందం సంగతి కంటికి తెలియదు.

మలిచే ముందు నిజం మనిషిని నాలుగు వైపుల నుంచి చూసుకోవాలి. నేను ఒక పెద్దాయనను "తాతా, నీ గొంగడి ఫోటో తీసుకుంటా" అని అడిగితే "తీస్కో బిడ్డా, గొర్లు బెదరకుండ తీయి" అన్నాడు. ముందు నుంచి తీసిన ఫోటో కంటే వెనక నుంచి తీసింది నాకు ఎక్కువ ఉపయోగపడింది. ఆట ఆడేటప్పుడు మన బొమ్మ వీపే మనకు కనబడుతుంది.

సామాను ఎక్కడ దొరుకుతుంది

ప్రత్యేకంగా తెప్పించుకోవలసింది గ్రీన్ స్టఫ్ ఒక్కటే. ఒకటి పసుపు, ఒకటి నీలం, రెండు భాగాల ఎపాక్సీ పుట్టీ, అంటే రెండూ కలిపితే గట్టిపడే ముద్ద. కలిపితే ఆకుపచ్చ అవుతుంది. దీని అసలు పేరు నీడటైట్. ఇంగ్లండ్‌లో 1983లో వార్‌హామర్ ఆట వచ్చిన రోజుల్లో బొమ్మలు ఎక్కువగా లోహంతో పోసేవాళ్లు. శిల్పులు తీగ చుట్టూ పుట్టీతో మూల బొమ్మ చేస్తే, దాన్ని రబ్బరు అచ్చులో పెట్టి వేడితో ఒత్తేవాళ్లు. ఆ వేడికి తట్టుకుంటుంది కాబట్టి ఈ పుట్టీకి శిల్పుల దగ్గర అంత పేరు వచ్చింది. వేల్స్‌లో తయారయ్యే మిల్లిపుట్ అనే ఇలాంటి పుట్టీ కూడా దొరికితే మంచిది, దాని సంగతి తర్వాత చెబుతాను.

మిగతాదంతా మన బజారులోనే ఉంది. మెడికల్ షాపులో 3వ నంబరు హ్యాండిల్, 11వ నంబరు సర్జికల్ బ్లేడ్లు అడగండి. హాబీ కత్తుల కంటే పదును, ధర తక్కువ. అక్కడే 18, 24 గేజ్ ఇంజెక్షన్ సూదులు కొత్తవి తీసుకోండి, వాటి పని ముందుంది. అవుసులవాళ్ల పనిముట్లు అమ్మే దుకాణంలో సన్న ఆకురాళ్లు, చేత్తో తిప్పే చిన్న డ్రిల్లు, 1 మిల్లీమీటరు, 0.8 మిల్లీమీటరు బిట్లు దొరుకుతాయి. ఫెవిక్విక్, ఎం-సీల్ ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా ఉంటాయి. ప్లాస్టిక్ బొమ్మలైతే ప్లాస్టిక్ సిమెంట్ కావాలి. అది పాలిస్టైరీన్‌ను కొద్దిగా కరిగించి రెండు ముక్కలను ఒకటి చేస్తుంది. లోహం మీద, రెజిన్ (అచ్చులో పోసి గట్టిపరిచే మరో రకం ప్లాస్టిక్) మీద అది పట్టదు, అక్కడ ఫెవిక్వికే.

మలిచే పనిముట్ల కోసం పెద్దగా ఖర్చు పెట్టకండి. గోనెసంచులు కుట్టే దబ్బనం మొనను ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, నీటి ఎమెరీ కాగితంతో నున్నగా చేస్తే నేను వాడిన అన్నిటిలోకీ మంచి పనిముట్టు తయారైంది. ఒక కుట్టుసూదిని పాత పెన్ను గొట్టంలో అతికించండి, ఒక టూత్‌పిక్ కొనను గరిటెలా చెక్కండి. వీటికి తోడు దంతవైద్య విద్యార్థులు మైనపు దిమ్మెను పంటి ఆకారంలో చెక్కడానికి వాడే వ్యాక్స్ కార్వర్ ఒకటి ఉంటే చాలు. నార్కట్‌పల్లిలో, మహబూబ్‌నగర్‌లో డెంటల్ కాలేజీలున్నాయి కాబట్టి తెలిసిన పిల్లలు ఎవరో ఒకరు ఉంటారు, ఎక్కడ కొన్నారో అడగండి.

బొమ్మను పట్టుకోవడానికి ఎండిన మక్క బెండు తీసుకోండి. బొమ్మ కాలి కింద తీగ గుచ్చి ఆ తీగను బెండులో దించితే చేతికి మంచి పట్టు దొరుకుతుంది. బొమ్మను వేళ్లతో పట్టుకొని పుట్టీ పని చేయవద్దు. నా మొదటి గొంగడి వీపు మీద బొటనవేలి ముద్ర పడి, అది గట్టిపడ్డాక గాని చూసుకోలేదు. మొత్తం చెక్కి తీసేయాల్సి వచ్చింది.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. గట్టిపడని ఎపాక్సీ కొందరి చర్మానికి పడదు, వాడేకొద్దీ దురద పెరుగుతుంది. పలచని గ్లవ్స్ వేసుకోండి. నోట్లో తడిపిన పనిముట్టుతో మలిచే అలవాటు అసలే వద్దు. రెజిన్‌ను పొడిగా రుద్దితే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చెడ్డది, నీళ్లలో తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి. పాత లోహపు బొమ్మల్లో సీసం ఉంటుంది. వాటిని ఆకురాయితో రుద్దాక చేతులు కడుక్కొని, బల్ల తుడిచి, తర్వాతే అన్నం ముట్టుకోండి.

కోసి, నిలబెట్టడం

మామూలు సైనికుడి ప్లాస్టిక్ బొమ్మ ఒకటి ఎంచుకోండి. కవచం తక్కువగా, కాళ్లు విడిగా కనబడేది అయితే పని సులువు. రెజిన్ బొమ్మ అయితే ముందు సబ్బునీళ్లతో కడగాలి. అచ్చు నుంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు దాని మీద ఉంటుంది, ఆ జిడ్డు మీద జిగురూ రంగూ నిలవవు. అచ్చు గీతలను బ్లేడు వీపుతో గీకి తీయండి. పదును వైపుతో గీకితే ప్లాస్టిక్ గాట్లు పడుతుంది.

ఇప్పుడు కత్తి పట్టకముందే ఒక సాయంత్రం ఊరికే బొమ్మతో గడపండి. తల, చేతులు, మొండెం అన్నీ పిల్లలు ఆడుకునే మైనపు మట్టితో తాత్కాలికంగా అతికించి తిప్పి చూడండి. మన గొర్రెలకాపరి గడకు ఒరగాలి. బరువు కుడికాలి మీద ఉంటే కుడి తుంటి కొంచెం పైకి, కుడి భుజం కొంచెం కిందికి వస్తాయి. అద్దం ముందు కర్ర పట్టుకొని నిలబడితే మీకే తెలుస్తుంది. డబ్బాలోంచి వచ్చిన బొమ్మలు చాలా వరకు కాళ్లు చాపి అరుస్తున్నట్టు ఉంటాయి. ఈ మనిషి అరవడు, చూస్తాడు. అందుకే నేను నోరు మూసుకున్న తలనే వెతికి పెట్టాను.

కోత ఎక్కడ పెట్టాలన్నది ఆలోచించవలసిన విషయం. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచును పోగుకు పోగు పెనవేసి కలుపుతారు. ఆ కలయిక రంగు మారే గీత మీదే పడుతుంది కాబట్టి చూసేవాడికి అతుకనిపించదు. మీరూ కోతను నడుం బెల్టు దగ్గర, చేతి చొక్కా అంచు దగ్గర, మెడ పట్టీ దగ్గర పెట్టండి. ఎలాగూ అక్కడ ఒక గీత ఉంటుంది. మోచేయి నడుమ, తొడ నడుమ కోస్తే దాన్ని పూడ్చడానికే ఒక రోజు పోతుంది.

అతికే ముందు పిన్ను వేయాలి. ఒక ముక్క మధ్యలో 1 మిల్లీమీటరు రంధ్రం, 4 లేదా 5 మిల్లీమీటర్ల లోతు. అందులో పేపర్ క్లిప్ తీగ ముక్క దించి, దాని కొనకు చుక్క రంగు పెట్టి రెండో ముక్కకు ఒక్కసారి ఆనించండి. చుక్క పడిన చోటే రెండో రంధ్రం. కంటి అంచనాతో తవ్వితే ఎప్పుడూ పక్కకు పోతుంది. తర్వాత జిగురు. చేతుల విషయంలో నేను పిన్నును కొంచెం పొడుగ్గా ఉంచి మధ్యలో ఖాళీ వదులుతాను, తీగను వంచి చెయ్యి కోణం సరిచేయవచ్చు. ఆ ఖాళీని పుట్టీ నింపుతుంది.

గడకు 0.8 మిల్లీమీటర్ల ఇత్తడి తీగ వాడండి. ప్లాస్టిక్ కడ్డీ ఆటలో రెండు నాళ్లకే విరుగుతుంది. పిడికిలిని నిలువుగా డ్రిల్ చేసి తీగను దూర్చాలి. ఓపిగ్గా రెండు వైపుల నుంచి తవ్వుకుంటూ మధ్యలో కలపండి. కొడవలిని పలచని ప్లాస్టిక్ రేకులోంచి కోసి అతికించండి. పదునైన అంచులున్న వాటిని పుట్టీతో చేయడం వృథా శ్రమ. గ్రీన్ స్టఫ్ గట్టిపడ్డాక కూడా రబ్బరులా ఉంటుంది, ఆకురాయికి పదునుగా అరగదు.

పుట్టీ కలపడం, మన ఎండలు

కొత్తవాళ్లు ఒకేసారి ఎక్కువ కలుపుతారు. గొంగడి మొత్తానికి ఒక శనగ గింజంత చాలు, మీసానికి జొన్న గింజలో సగం. పసుపు, నీలం సమానంగా కోయండి. రెండూ ఒకే పట్టీగా వచ్చిన రకమైతే మధ్యలో అవి తగులుకున్న చోట ముందే గట్టిపడి ఉంటుంది, ఆ సన్న పట్టీని కోసి పారేయాలి. లేకపోతే నున్నటి ముఖం మీద పలుకు తగులుతుంది. చారలు లేకుండా ఒకే ఆకుపచ్చ వచ్చేదాకా పిసకండి. పసుపు ఎక్కువైతే మెత్తగా జిగటగా ఉంటుంది, నీలం ఎక్కువైతే గట్టిగా అవుతుంది. తోలు, బట్ట లాంటివాటికి పసుపు కొంచెం ఎక్కువ వేయడం నాకు నచ్చుతుంది.

మామూలుగా కలిపాక గంట, గంటన్నర పని చేసుకోవచ్చు. పూర్తిగా గట్టిపడడానికి పన్నెండు గంటల నుంచి ఒక రోజు. కానీ మే నెలలో ఇక్కడ 42 డిగ్రీలు దాటినప్పుడు ఆ గంట చాలా తగ్గిపోతుంది. ఎండాకాలంలో నేను తెల్లవారుజామునే కూర్చుంటాను. కలిపిన ముద్దలో సగం ఫ్రిజ్‌లో పెట్టి, సగంతో పని మొదలుపెడతాను. కలపని పుట్టీని గాలి తగలని డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచితే ఎక్కువ కాలం నిలుస్తుంది. ఇంట్లోవాళ్లకు అదేమిటో చెప్పి పెట్టండి, డబ్బా మీద రాయండి కూడా.

పనిముట్టుకు అంటకుండా నీళ్లు గాని, చాలా కొద్దిగా వ్యాసలీన్ గాని వాడాలి. వ్యాసలీన్ వాడితే తర్వాతి పొర వేసే ముందు సబ్బునీళ్లతో మెత్తని బ్రష్‌తో కడగండి. జిడ్డు మీద కొత్త పొర ఊడిపోతుంది.

మిల్లిపుట్ నీటితో నున్నగా పూయవచ్చు, గట్టిపడ్డాక ఎమెరీతో రుద్దవచ్చు, కానీ సన్నగా చేస్తే పెళుసు. అందుకే చాలామంది రెండిటినీ సగం సగం కలుపుతారు. ఎం-సీల్‌ను లోపలి బరువుకు, బేస్ (బొమ్మ నిలబడే బిళ్ల) మీద బండరాళ్లకు వాడండి. పైన సన్న పనికి దాని ముతకదనం సరిపడదు.

గొంగడి: నాలుగు రాత్రుల పని

ఈ పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఒకటుంది. ఒకే కూర్చోవడంలో అంతా చేయాలనుకోవద్దు. ఒక పొర వేసి, గట్టిపడనిచ్చి, మరునాడు రెండోది. గట్టి నేల మీద నొక్కితేనే పనిముట్టు గీత శుభ్రంగా పడుతుంది. మెత్తని దాని మీద మెత్తనిది పెట్టి మలిస్తే ముక్కు సరిచేస్తుంటే గడ్డం పోతుంది.

మొదటి రాత్రి లోపలి ఆకారం. గొంగడి కింద భుజాలు, వీపు, మోచేయి ఎక్కడ ఉబ్బుగా ఉంటాయో అక్కడ ఎం-సీల్‌తో గాని గ్రీన్ స్టఫ్‌తో గాని పలచగా నింపండి. తల పైన కొప్పెర మొన కోసం సన్న తీగ ముక్క ఒకటి పెట్టుకుంటే మంచిది. ఇది చూడ్డానికి అందంగా ఉండదు, ఉండనక్కర్లేదు.

రెండో రాత్రి రేకు. పాల ప్యాకెట్ కవరును కోసి, కడిగి, లోపలి వైపు కొంచెం వ్యాసలీన్ రాయండి. శనగ గింజంత ముద్దను రెండు పొరల మధ్య పెట్టి పెన్ను గొట్టంతో అర మిల్లీమీటరు మందానికి ఒత్తండి. వెంటనే తీయకండి. అరగంట, నలభై నిమిషాలు వదిలేస్తే పలచని తోలులా కొంచెం బిగుసుకుంటుంది. అప్పుడు కొత్త బ్లేడుతో దీర్ఘచతురస్రం కోసి, తడి పనిముట్టుతో లేపి, తల మీద నుంచి వేయండి. ముందుగా మొన దగ్గర, రెండు భుజాల మీద మాత్రమే నొక్కి అతికించండి. మిగతాది దానంతట అది వేలాడాలి.

ఇక మడతలు. బట్ట ఎక్కడ ఆనుతుందో అక్కడి నుంచే మడత పుడుతుంది. ఒకే చోట ఆనితే అక్కడి నుంచి విసనకర్రలా కిందికి విచ్చుకుంటుంది. రెండు చోట్ల ఆనితే మధ్యలో ఉయ్యాలలా వంగుతుంది. మన మనిషికి తల ఒక ఆనుడు, భుజాలు రెండు, గొంగడి అంచులను పట్టుకున్న ఎడమ పిడికిలి ఒకటి. తల నుంచి భుజాలకు రెండు మడతలు, పిడికిలి దగ్గరికి చేరే మూడు మడతలు, వీపు మీద పై నుంచి కిందికి రెండు పెద్ద అలలు. అంతే. గొంగడి ముతక ఉన్ని, పట్టుచీరలా పది సన్న మడతలు పడదు. మడతలు తక్కువ, గుండ్రం, బరువు. మడతలు ఎక్కువ చేస్తే అది గొంగడి కాదు, దుపట్టా అవుతుంది. దబ్బనం గుండ్రపు మొనతో లోయను మెల్లగా నొక్కుతూ దించండి. గట్టు దానంతటదే లేస్తుంది. ఒక లోయ మరీ నిటారుగా, పక్కదానికి సమాంతరంగా వస్తుంటే కావాలని ఒకదాన్ని మధ్యలో ఆపండి.

పక్క నుంచి ఒకే దీపం వెలుగు పడేలా పెట్టుకొని పని చేయండి. నెత్తి మీద ట్యూబ్‌లైటు కింద లోతు తెలియదు.

గొంగడి అంచు బాగా బిగుసుకునే ముందు, కింది అంచు లోపలి వైపు పనిముట్టు పెట్టి బయటికి పలచగా లాగండి. లోపల ఖాళీ ఏర్పడి నీడ పడుతుంది. పానగల్లు శిల్పి చేసిన పని ఇదే. ఇప్పుడు పక్కన పెట్టేసి పడుకోండి. ఇంకొక్క మడత సరిచేద్దామని లేచి వెళ్లవద్దు.

మూడో రాత్రి ఉన్ని. గట్టిపడిన రేకు మీద చాలా పలచగా కొత్త పుట్టీ పూసి, పాత టూత్‌బ్రష్ కొనతో నిలువుగా పొడవండి. గీయకండి, గీస్తే వెంట్రుకలవుతాయి, పొడిస్తే ఉన్ని అవుతుంది. లోయల్లో తక్కువ, గట్ల మీద ఎక్కువ. అంచు వెంట బ్లేడుతో రెండు సన్న గీతలు నొక్కితే నేత అంచు వస్తుంది.

నాలుగో రాత్రి తొందర లేని చిన్న పనులు. తలరుమాలు కోసం పుట్టీని దారంలా పేనండి. బల్ల మీద తడి టైలు ముక్కతో దొర్లిస్తే సమానంగా వస్తుంది. రెండు దారాలను మెలివేసి కొప్పెర కింద నుదుటి చుట్టూ చుట్టి, అక్కడక్కడ వాలుగా నొక్కండి. మీసానికి రెండు చిన్న చుక్కలు ముక్కు కింద పెట్టి, సూదితో బయటికి లాగండి. వెంట్రుకల గీతలు కొన నుంచి మొదలుకు కాకుండా మొదలు నుంచి కొనకు, ఒక్కో గీత కొంచెం వంపుతో. మొదటి బొమ్మకు ముఖం మొత్తం మలచవద్దు. మీసం ఒక్కటే మనిషి ఊరు మార్చేస్తుంది.

ఇంజెక్షన్ సూదుల పని ఇప్పుడు. మొన కోసి ఆకురాయితో చదును చేస్తే సన్న గొట్టం మిగులుతుంది. 24 గేజ్ సూదిని మెత్తని పుట్టీ మీద నొక్కితే అర మిల్లీమీటరు పైన చుట్టు పడుతుంది, దాన్ని వరసలుగా నొక్కితే గొలుసు కవచం. 18 గేజ్‌తో బెల్టు మీద గుండీ. కడియానికి పుట్టీ దారాన్ని మణికట్టు చుట్టూ చుట్టి, ఒక రోజు ఆగి, అతుకు దగ్గర కోసి సరిచేయాలి.

ఆటకు పనికొచ్చేలా

మార్పులు ఎన్ని చేసినా రెండు విషయాలు మారకూడదు. చేతిలో ఏ ఆయుధం ఉందో ఎదుట కూర్చున్నవాడికి చేయి చాచినంత దూరం నుంచి తెలియాలి. నియమాల్లో ఈటె ఉన్న సైనికుడైతే గడ కొడవలి ఈటెలా కనబడాలి, అందుకే దాన్ని కొంచెం పెద్దదిగా చేశాను. రెండోది బేస్ కొలత. చాలా ఆటల్లో దూరాలను బేస్ అంచు నుంచి కొలుస్తారు కాబట్టి ఆటలో చెప్పిన సైజే వాడండి.

బేస్ మీద ఎర్ర చెలక మట్టినే జల్లెడ పట్టి, పెనం మీద వేడిచేసి తేమ పోగొట్టి, ఫెవికాల్ నీళ్లతో అతికించాను. పక్కన ఎం-సీల్ బండ ఒకటి. బండ మీద నిజం గ్రానైటు రాయిని అద్ది నొక్కితే దాని గరుకే దిగుతుంది.

చివరికి పలచగా బూడిద రంగు ప్రైమర్, అంటే రంగులకు ముందు వేసే మొదటి పూత. స్ప్రే చేసేదైతే వాన ముసురు రోజున వద్దు, పొడిపొడిగా పడుతుంది. అంతవరకు ఆకుపచ్చ, బూడిద, ఇత్తడి రంగుల్లో ముక్కలుగా కనబడిన బొమ్మ ప్రైమర్ పడగానే ఒకే మనిషి అవుతుంది, దాంతో పాటు తప్పులూ బయటపడతాయి. నా బొమ్మకు ఎడమ భుజం వెనక ఒక వెంట్రుకంత సందు కనబడింది, పిడికిలి కింద వేలి గుర్తు ఒకటి. సందులో నీళ్లలాంటి మిల్లిపుట్ బ్రష్‌తో పూసి, ఆరాక రుద్ది, మళ్లీ ప్రైమర్ వేశాను. ఇప్పుడు అతను కిటికీ గట్టు మీద, మక్క బెండు మీదే నిలబడి ఉన్నాడు. ముందు ముదురు గోధుమ నలుపు పూసి, ఆ తర్వాత గట్ల మీద మాత్రం పొడి బ్రష్‌తో బూడిద అద్దాలి.